ఖాళీ పెట్టె పైకే పోతుంది

మా మామయ్య లిఫ్ట్ నడిపేవాడు. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నడపడమేమిటి, బటన్ నొక్కితే అదే పోతుంది కదా అంటారు. వాళ్లకి తెలిసిన లిఫ్ట్ వేరు, మామయ్య లిఫ్ట్ వేరు. దానికి బటన్లు లేవు. లోపల గోడకి ఒక ఇత్తడి పిడి ఉండేది. కుడికి తిప్పితే పైకి, ఎడమకి తిప్పితే కిందికి, మధ్యకి తెస్తే ఆగుతుంది. ఎక్కడ ఆగాలో దానికి తెలియదు, పిడి పట్టుకున్న మనిషికి తెలియాలి. ఒక్క క్షణం ముందు వెనకలైతే లిఫ్ట్ గడపకీ అంతస్తు గడపకీ అడుగు తేడా వచ్చేస్తుంది. అప్పుడు బొక్కబోర్లా పడేది ఎక్కేవాళ్లు, తిట్లు తినేది నడిపేవాడు.

ముప్ఫై ఒక్క ఏళ్లలో మామయ్య చేతిలో ఒక్కరూ పడలేదు. ఆయన కొంప ముంచింది సరిగ్గా అదే.

ఆరంతస్తుల ఆఫీసు భవనం అది. ఆయన దాన్ని లిఫ్ట్ అనేవాడు కాదు, పెట్టె అనేవాడు. నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల లోతు. ముందు మడతపడే ఇనుప కటకటాల తలుపు, పైన ఒక బల్బు, మూల ఒక స్టూలు. కిటికీ అన్నది లేదు. కటకటాల్లోంచి చూస్తే ఇటుక గోడ, దాని తర్వాత ఒక వసారా, మళ్లీ ఇటుక గోడ. వానాకాలంలో తడి గొడుగుల వాసన, ఎండాకాలంలో పదిమంది చెమట. బయట వాన వెలిసిందో లేదో ఆయనకి ఎక్కేవాళ్ల చెప్పులు చూస్తే గాని తెలిసేది కాదు.

ఇంట్లో ఆయన తలుపు వేసుకునేవాడు కాదు. ఏ తలుపూ. స్నానానికి వెళ్లినా ఓరగా వేసి, అటువైపు ఎవరూ రాకుండా అత్తయ్యని కాపలా పెట్టేవాడు. "ఈయనగారి స్నానానికి నేను సెక్యూరిటీ" అని అత్తయ్య వీధంతా చెప్పేది. బంధువుల ఇళ్లకి వెళ్తే గుమ్మానికి దగ్గరగా ఉన్న కుర్చీలోనే కూర్చుంటాడు. ఎవరన్నా లోపలికి రండి అంటే, ఇక్కడ గాలి బావుంది అంటాడు. పిల్లలందరికీ ఆయన పెట్టె మామయ్య. మేం నవ్వుకునేవాళ్లం. నవ్వినందుకు ఇప్పుడు నాకు సిగ్గేస్తుంది.

నేను ఆ భవనంలో చేరింది పాతికేళ్ల వయసులో. నాలుగో అంతస్తులో ఉత్తరాలు పంపే విభాగంలో ఆరు నెలల తాత్కాలికపు పని. కవర్లు అంటించడం, చిరునామాలు రాయడం. ఆ ఆరు నెలల్లోనే మామయ్యని సరిగ్గా చూశాను. ఇంట్లో గుమ్మం దగ్గర కునికిపాట్లు పడే మనిషి, ఇక్కడ పిడి పట్టుకుంటే వేరే మనిషి. కళ్లతో గోడని చూడడు, అరికాళ్లతో వింటాడు. పెట్టె ఎంత బరువుందో, ఎంత ముందుగా పిడి తిప్పాలో ఆయన కాళ్లకే తెలుసు.

ఇంత వచ్చినవాడు ఆ పెట్టెలో ఎందుకున్నాడని అడుగుతారేమో, నేనూ అడిగాను. ఆయనకి అందులో ఉండాలని లేదు. భవనం నెత్తిన, ఆరో అంతస్తు మీద, ఇనుప నిచ్చెన ఎక్కితే మోటారు గది ఉంటుంది. దానికి నాలుగు పక్కలా కిటికీలు. అక్కడ పనిచేసే ముసలి మెకానిక్కు దగ్గరికి మామయ్య భోజనాల వేళ అన్నం డబ్బా పట్టుకుని ఎక్కిపోయేవాడు. పదిహేనేళ్లు అలా ఎక్కి, అడిగి, చేతులు మసి చేసుకుని మోటారు పని మొత్తం నేర్చుకున్నాడు. మెకానిక్కు పోస్టు ఎప్పుడు ఖాళీ అయితే అప్పుడు పైకి వెళ్లిపోవాలని ఆయన కోరిక. అంతకుమించి ఆ మనిషి జీవితంలో దేన్నీ కోరుకోగా నేను చూడలేదు.

మధ్యాహ్నం మూడు ప్రాంతంలో ఎక్కేవాళ్లుండరు. నేను కవర్లు పంచే నెపంతో పెట్టెలోకి దూరేదాన్ని. ఆయన చెప్పేవాడు, నేను వినేదాన్ని. మధ్యమధ్యలో పిడి నా చేతికిచ్చి నడపమనేవాడు.

"కరెంటు కరెంటులాగా ఎవరికీ పనికిరాదే. బల్బులోకి పోతే వెలుగవ్వాలి, హీటర్లోకి పోతే వేడవ్వాలి, మోటార్లోకి పోతే తిరుగుడవ్వాలి. ఇంకోటి అయితేనే దానికి విలువ."

"మరి తిరుగుడు మళ్లీ కరెంటు అవుతుందా?"

"ఎందుకవదు? రోజూ సాయంత్రం అవుతోంది. మీ ఆఫీసు వాళ్లందరినీ ఎక్కించుకుని నిండుగా దిగుతాను చూడు, అప్పుడు మోటారు పెట్టెని లాగదు. పెట్టే మోటారుని లాగుతుంది. అదప్పుడు కరెంటు తినదు, పుట్టిస్తుంది. నమ్మకపోతే కింద లిఫ్ట్ మీటరు దగ్గర నిలబడి చూడు."

నేను నమ్మలేదు. సాయంత్రం మెట్ల మీదుగా దిగి మీటరు దగ్గర నిలబడ్డాను. నిండు పెట్టె దిగుతుంటే లోపలి చక్రం మెల్లగా నెమ్మదించి, ఆగి, వెనక్కి తిరిగింది. మా విభాగంలో అందరికన్నా లావుపాటి పెద్ద గుమాస్తా దిగిన రోజున ఇంకా జోరుగా తిరిగిందని మామయ్యకి చెబితే, పెట్టె ఆపుకుని మరీ నవ్వాడు.

ఆయన చెప్పినవాటిలో రెండు సంగతులు ఇక్కడ చెప్పి తీరాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

మొదటిది బ్రేకు. కరెంటు పోతే లిఫ్ట్ కింద పడిపోతుందని అందరి భయం. జరిగేది దానికి పూర్తిగా తలకిందులు. బ్రేకుకి బలమైన స్ప్రింగులుంటాయి, అవి ఎప్పుడూ చక్రాన్ని బిగించి పట్టుకోవాలనే చూస్తాయి. కరెంటు ఉన్నంతసేపూ ఒక అయస్కాంతం వాటిని విడదీసి ఉంచుతుంది. కరెంటు పోయిందా, అయస్కాంతం చచ్చింది, స్ప్రింగులు పట్టేశాయి. పెట్టె ఎక్కడిదక్కడ బిగుసుకుపోతుంది. అప్పుడు లోపలివాళ్లని బయటికి తేవాలంటే మోటారు గదిలో మెకానిక్కు ఒక ఇనుప కడ్డీతో ఆ స్ప్రింగులని కొంచెం కొంచెంగా విప్పి, పెట్టెని దగ్గరి అంతస్తుకి చేర్చాలి. ఎక్కడుందో కనిపించదు గనక, ప్రతి అంతస్తుకీ గుర్తుగా తాళ్ల మీద వేసిన తెల్లరంగు గీతలు చూసుకుని ఆపాలి.

రెండోది దిమ్మలు. పెట్టెని మోసే తాళ్లకి ఇంకో కొసన ఇనుప దిమ్మలు వేలాడుతుంటాయి. వాటి బరువు పెట్టె బరువుకన్నా ఎక్కువ. సగం మంది ఎక్కితే రెండూ సమానం. అంటే లోపల ఒకరో ఇద్దరో ఉన్నప్పుడు బ్రేకు విప్పితే, దిమ్మలు కిందికి పోతాయి, పెట్టె పైకి పోతుంది. ఖాళీ పెట్టె ఎప్పుడూ పైకే పోతుంది.

మెకానిక్కు పోస్టు అంతకుముందు ఒకసారి ఖాళీ అయిందట. మామయ్యని పైకి పంపి, పిడి ఇంకొకరికి ఇచ్చారు. మూడో రోజున ఒక డైరెక్టరు గారు గడప తన్నుకుని పడి ముందు పన్ను ఊడగొట్టుకున్నారు. ఆ సాయంత్రమే మామయ్య మళ్లీ పెట్టెలో ఉన్నాడు. బయటినుంచి ఇంకో మెకానిక్కుని తెచ్చుకున్నారు. పన్ను ఒకరిది, శిక్ష ఇంకొకరిది.

నేను చేరిన నాలుగో నెలలో ఆ మెకానిక్కూ రిటైరయ్యాడు. మామయ్యకి సర్వీసు ఇంకా మూడేళ్లుంది. ఈసారి పోటీకి ఇంకొకాయన దిగాడు. భవనంలో పైపులు బాగుచేసే మనిషి, అందరూ పైపులాయన అంటారు. చెడ్డవాడు కాదు, పనిమంతుడే, కాకపోతే లిఫ్ట్ సంగతి బొత్తిగా తెలియదు. భద్రతా శాఖనుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి ఇద్దరికీ పరీక్ష పెడతానన్నాడు. పరీక్ష ఒకటే: పెట్టె రెండంతస్తుల మధ్య ఇరుక్కుంటుంది, కరెంటు ఉండదు, బ్రేకు చేత్తో విప్పి దాన్ని గడపకి సమానంగా తేవాలి.

ఆ రోజు పొద్దున అత్తయ్య చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది. "ఇవాళ పైనుంచి కిందికి చూసి రా" అంది. మామయ్య రెండుసార్లు జుట్టు దువ్వుకున్నాడు.

పైపులాయన వంతు ముందు వచ్చింది. మామయ్య పెట్టెలో ఎక్కి నాలుగుకీ అయిదుకీ మధ్య ఆపాడు. ఇన్‌స్పెక్టరు అయిదో అంతస్తు వసారాలో స్టీలు స్కేలు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన పక్కన భవనం మేనేజరు, ఆ వెనక పని ఎగ్గొట్టి వచ్చిన నేను. ఇన్‌స్పెక్టరు ఈల వేశాడు. పైన మోటారు గదిలో పైపులాయన కరెంటు ఆపి బ్రేకు కడ్డీ పట్టాడు.

ఆయన తప్పు ఆయన పనిలోంచే వచ్చింది. జీవితమంతా పైపుల్లో నీళ్లు చూసినవాడు. వదిలితే కిందికే వస్తుందనుకున్నాడు. నాలుగో అంతస్తు గీత కోసం తాళ్లు చూస్తూ కడ్డీ లాగాడు. పెట్టె పైకి లేచింది. పైనుంచి "ఓరి దేవుడో, ఎదురు పోతోంది!" అని కేక వినపడింది. భయపడి వదిలాడు, మళ్లీ లాగాడు, మళ్లీ వదిలాడు. పెట్టె ఎక్కిళ్లు వచ్చినట్టు ఏడుసార్లు ఎగిరెగిరి, అయిదో అంతస్తు గడప దాటి అడుగున్నర పైన ఆగింది. మామయ్య పెట్టెలోంచి కిందికి దూకాల్సి వచ్చింది.

"అడుగున్నర" అన్నాడు ఇన్‌స్పెక్టరు స్కేలు పెట్టి. "మనిషి క్షేమంగా వచ్చాడు కాబట్టి బొటాబొటీ పాస్. రెండో ఆయన్ని పిలవండి."

మామయ్య చొక్కా సర్దుకుని మెట్లవైపు నడిచాడు. అప్పుడు మేనేజరుకి సందేహం వచ్చింది.

"అవును గానీ, ఈయన పైకి పోతే పెట్టె మధ్యలో ఎవరు ఆపుతారు? ఇంకెవరికీ రాదే."

"నడిపేవాళ్లు లేకుండా నేను పరీక్ష పెట్టలేను" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అయితే ఇంకేముంది, పైపులాయన్నే వేసుకుందాం" అని మేనేజరు చేతులు దులుపుకున్నాడు. అంత తేలిగ్గా. పదిహేనేళ్లు అన్నం డబ్బాతో నిచ్చెన ఎక్కిన మనిషి మెట్ల మీద ఒక కాలు పెట్టి అలాగే నిలబడిపోయాడు. నాకు ఒళ్లు మండింది.

"నేను నడుపుతాను" అన్నాను.

మామయ్య గిర్రున తిరిగాడు. "నీకెందుకే మధ్యలో?"

"నువ్వు నేర్పిందేగా. మూడింటికి రోజూ నడుపుతూనే ఉన్నానుగా" అన్నాను. కోపంలో నాకు నోటికి హద్దుండదు.

మేనేజరు నన్ను ఎగాదిగా చూశాడు. "నేనూ ఎక్కుతాను. చూద్దాం" అన్నాడు.

మామయ్య పైకి వెళ్లాడు. పైపులాయన అప్పటికీ అక్కడే ఉన్నాడు. కరెంటు మళ్లీ పెట్టగానే నేనూ మేనేజరూ పెట్టెలో కిందికి దిగాం. ప్రతి అంతస్తులోనూ ఆపమన్నాడు. ఆపాను. బూటు ముందుకి చాచి గడప మీద అటూ ఇటూ రుద్దేవాడు. నాలుగో అంతస్తులో రుద్దాడు, మూడులో రుద్దాడు, కింది అంతస్తుకి వచ్చేసరికి "భేష్" అన్నాడు. నాకు గర్వంగా ఉంది. ఎందుకు దాచుకోవాలి, చాలా గర్వంగా ఉంది.

పైకి వచ్చేటప్పుడు నాలుగు దాటాక పిడి మధ్యకి తెచ్చాను. ఈల వినపడింది. బల్బు ఆరిపోయింది.

ముక్కుకి జానెడు దూరంలో ఇటుక గోడ. గాలి లేదు. పక్కన మేనేజరు ఊపిరి నా చెవిలో పడుతోంది. అరనిమిషం కూడా కాలేదు, నాకు అరవాలనిపించింది. కటకటాలు పట్టుకుని ఊపాలనిపించింది. గోడ ఇంకొంచెం ముందుకి జరిగిందేమోనని చెయ్యి పెట్టి చూసుకున్నాను. మేనేజరు అయితే, "ఏదీ, లాగడేం, లాగడేం" అంటూ నా భుజం పట్టేసుకున్నాడు.

అప్పుడు పెట్టె కదిలింది. కదిలిందని కూడా సరిగ్గా తెలియలేదు, గోడలోని ఇటుకలు ఒక్కొక్కటే కిందికి దిగుతున్నట్టు అనిపించింది. జాగ్రత్తగా, నిద్రపోయే పిల్లని భుజం మీంచి పక్క మీదికి దించినట్టు. వెలుగు వచ్చింది, వసారా వచ్చింది, ఆగింది. ఇన్‌స్పెక్టరు వంగి స్కేలు పెట్టాడు. మళ్లీ పెట్టాడు.

"తేడా లేదు" అన్నాడు. "నా సర్వీసులో ఇలా చూడలేదు."

నేను కేక పెట్టాను. సిగ్గు లేకుండా చప్పట్లు కొట్టాను. మామయ్య, వెనకాలే పైపులాయన మెట్లు దిగి వచ్చారు. మామయ్య చేతికి మసి, నుదుటి మీద మసి. ఆయన పళ్లన్నీ కనపడేలా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మేనేజరు చెమట తుడుచుకున్నాడు. "ఒక్క దెబ్బకి రెండు పనులయ్యాయి. పెద్దాయన పైకి, ఈ అమ్మాయి పెట్టెలోకి. ఏమ్మా, నీది తాత్కాలికం కదూ? రేపే పర్మనెంటు చేయిస్తాను."

పర్మనెంటు! ఆ మాట విని ఇందాకటి చీకటి, గోడ, అన్నీ మర్చిపోయాను. అమ్మకి ఎలా చెప్పాలా అని అప్పుడే ఆలోచించుకుంటున్నాను.

మామయ్య నవ్వు ఆగింది.

"ఎన్నాళ్లకి సార్?" అని అడిగాడు.

"ఎన్నాళ్లేమిటయ్యా? నీలాగే. ఇంత బాగా ఆపేవాళ్లు దొరికాక ఎవరు వదులుకుంటారు? ఇంకో ముప్ఫై ఏళ్లు మనకి దిగుల్లేదు."

మామయ్య జేబులోంచి పాతగుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు. ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. మేమందరం ఎందుకో ఆయన్నే చూస్తూ నిలబడ్డాం.

"ఆ పిల్లకి రాదు సార్" అన్నాడు.

"రాదా? నా బూటుతో చూశానయ్యా!"

"తను ఆపలేదు. నేనే పైనుంచి తాళ్ల గీతలు చూసి ప్రతి అంతస్తుకీ బ్రేకు పట్టి సరిచేశాను."

అబద్ధం. పచ్చి అబద్ధం. పైపులాయన నోరు తెరిచాడు. ఆయన ఆ గదిలోనే ఉన్నాడు, మామయ్య ఈల వినపడేదాకా దేన్నీ ముట్టుకోలేదని ఆయనకి తెలుసు. మామయ్య ఆయనవైపు ఒక్కసారి చూశాడు. పైపులాయన నోరు మూసుకుని నేల చూశాడు.

ఇన్‌స్పెక్టరు స్కేలు జేబులో పెట్టుకుంటున్నవాడు ఆగిపోయాడు. "కరెంటు ఉండగా, మోటారు తిరుగుతుండగా, లోపల మనుషులుండగా మీరు బ్రేకు మీద చెయ్యి వేశారా?"

"వేశానండి."

"అది చేస్తే లైసెన్సు ఇవ్వకూడదని తెలుసా మీకు?"

"తెలుసండి."

ఇన్‌స్పెక్టరు కాగితం మీద ఒక గీత గీశాడు. పైపులాయన పేరు రాసుకున్నాడు. మేనేజరు నావైపు, పాడైపోయిన సరుకుని చూసినట్టు చూసి, "నాతో ఆటలా?" అని విసవిసా వెళ్లిపోయాడు.

మామయ్య పెట్టెలోకి వెళ్లి పిడి పట్టుకున్నాడు. నేను కూడా ఎక్కాను, పోట్లాడ్డానికే ఎక్కాను. అయిదు దాటగానే ఆయనే మధ్యలో ఆపాడు.

"ఎందుకలా చెప్పావు?" అని అరిచాను. "నాకు రాదా? నాకు రాదా?"

"వచ్చు. నాకన్నా బాగా వచ్చు."

"మరి?"

"అందుకే చెప్పాను."

"పదిహేనేళ్ల కష్టం ఒక్క మాటతో తగలేశావు. నీ చేతిదాకా వచ్చింది. నేను పర్మనెంటు అయ్యేదాన్ని మామయ్యా!"

"అదేనే నా భయం" అన్నాడు. "నేను చేరినప్పుడు నాకూ ఇంతే సంతోషమేసింది. గడప సమానంగా ఆపుతున్నాను, అందరూ భేష్ అంటున్నారు. ఆ భేష్‌తోనే తలుపు వేసేశారు. నీ చేత పిడి పట్టించింది నేను. నా బుద్ధి గడ్డి తిని నేర్పాను. పైన ఆ కిటికీల దగ్గర కూర్చుని, కింద నువ్వు ఇందులో తిరుగుతుంటే, ఆ మోటారు తిరిగే చప్పుడు రోజంతా ఎలా వినమంటావే?"

కింది అంతస్తులో ఎవరో కటకటాలు టకటకా కొట్టారు. ఆయన కళ్లు తుడుచుకుని పిడి తిప్పాడు. నన్ను నాలుగులో దింపాడు. నేను వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాను.

రెండు నెలల తర్వాత నా ఆరు నెలలూ అయిపోయాయి. పొడిగిస్తారేమోనని చూశాను, పొడిగించలేదు. దానికీ ఆయన్నే తిట్టుకున్నాను. తర్వాత ఒక అచ్చాఫీసులో చేరాను, అక్కణ్నుంచి ఇంకో చోటికి, ఇంకో చోటికి. నచ్చని చోట మానేశాను. మానేసిన ప్రతిసారీ తలుపు తీసుకుని బయటికి నడిచాను, అదో పెద్ద విషయమని కూడా నాకు తోచలేదు. దాదాపు ఏడాది ఆయనతో మాట్లాడలేదు. అత్తయ్య రెండుసార్లు కబురు పెట్టినా వెళ్లలేదు.

ఆయన మిగిలిన మూడేళ్లూ పూర్తిచేశాడు. రోజుకి ఎనిమిది గంటలు, పైకీ కిందికీ. అదంతా ఆయన సర్వీసని అందరూ అనుకున్నారు, కాగితాల మీద కూడా అలాగే ఉంది. కానీ ఆ చివరి మూడేళ్లూ ఆయన నా బదులు కూర్చున్నాడు.